జాగ చూడకుండా సంతకం పెట్టని మనిషి

దుబాయ్‌లో ఒక బడి నాకిచ్చిన గది ఎంత చిన్నదంటే, నేను లోపలికి వెళ్ళి కూర్చుంటే నా నీడ వరండాలో నిలబడి ఉండేది. నమ్మకపోతే ఆ గదిలో కూర్చుని వెళ్ళిన తల్లిదండ్రులను ఎవరినైనా అడగండి. ఊపిరాడక వాళ్ళకు సరిగా గుర్తుండకపోవచ్చు, అది వేరే సంగతి. తలుపు మీద ‘కెరీర్ కౌన్సెలర్’ అని ఒక బోర్డు ఉండేది. బోర్డు గది కంటే పెద్దది.

నేను నిజానికి ఫిజిక్స్ మాస్టర్ని. కరోనా వచ్చిన ఏడాది మా అసలు కౌన్సెలరమ్మ సెలవుకు ఊరెళ్ళి, విమానాలు ఆగిపోవడంతో అక్కడే ఉండిపోయింది. ఆన్‌లైన్ మీటింగులో ప్రిన్సిపాల్ మేడమ్ ‘అమెరికా పద్ధతి దరఖాస్తుల గురించి ఎవరికైనా తెలుసా?’ అని అడిగే సమయానికి మా పిల్లి కీబోర్డు మీద నడిచింది. నా పేరు పక్కన చెయ్యెత్తిన గుర్తు పడింది. దాన్ని దించేలోగా అభినందనలు మొదలయ్యాయి. మా ఇంట్లో పిల్లే లేదని నా భార్య అంటుంది. ఆమె మాటలు మీరు పట్టించుకోకండి.

ఇప్పుడు నేను ఆ ఉద్యోగం మానేశాను. కొత్తగా అలాంటి కుర్చీల్లో కూర్చోబోయే కుర్రకారు అప్పుడప్పుడూ ఫోన్ చేసి, మరచిపోలేని కేసు ఒకటి చెప్పండి సార్ అంటారు. నా కథలు వినేవాళ్ళకు నేనే ముందు చెబుతాను, ముప్పాతిక వంతు తీసేసి నమ్మమని. ఈ కథకు మాత్రం అంత తీసివేత అక్కర్లేదు. అక్కడక్కడా కొంచెం ఊడ్చుకుంటే చాలు.

ముందు ఒక చిన్న పాఠం, తరవాత కథ. అమెరికా పద్ధతిలో నడిచే కొన్ని విశ్వవిద్యాలయాల్లో ‘ఎర్లీ డెసిషన్’ అని ఒక దారి ఉంది. అందరికంటే ముందు, నవంబరు మొదట్లోనే దరఖాస్తు పెట్టాలి. అలా ఒక్క చోటే పెట్టాలి. వాళ్ళు తీసుకుంటే ఇక మారు మాట లేకుండా అక్కడే చేరాలి, మిగతా దరఖాస్తులన్నీ వెనక్కి తీసుకోవాలి. సీటు వచ్చే అవకాశం కాస్త ఎక్కువ, జవాబు డిసెంబరులోనే వస్తుంది. పెళ్ళిచూపులకు వెళ్ళే ముందే తాంబూలాలు పుచ్చుకోవడం లాంటిది. దానికి మూడు సంతకాలు కావాలి. విద్యార్థిది ఒకటి, తల్లిదండ్రుల్లో ఒకరిది ఒకటి, కౌన్సెలర్‌ది ఒకటి. చదువుకయ్యే ఖర్చుకు తగ్గ సాయం వాళ్ళు ఇవ్వకపోతే ఒప్పందం వదులుకోవచ్చు. కాబట్టి ఈ కథలో డబ్బు విలన్ కాదు. దాన్ని ఇక్కడితో మరచిపోండి.

కరోనా సద్దుమణిగిన తరవాత, పన్నెండో తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. పీతల పిచ్చి. ఉమ్ అల్ క్వైన్‌లో మడ చెట్లున్న తీరానికి సెలవురోజు వాళ్ళ కుటుంబం షికారుకు వెళ్తే, అందరూ బిర్యానీ తింటుంటే ఈ పిల్ల మోకాళ్ళ దాకా బురదలో దిగి పీతలు ఏ కన్నంలోకి దూరుతున్నాయో చూసేది. గల్ఫ్ సముద్రం వేసవిలో కాఫీ గ్లాసులా కాగుతుంది కదా, అందులో ఇవి ఎలా బతుకుతున్నాయన్నది ఆ పిల్ల ప్రశ్న. కాఫీ గ్లాసు పోలిక నాది. నేను ఒక ఆగస్టులో కారు స్టీరింగు మీద దోసె పోసుకుని తిన్నవాణ్ణి, నాకు తెలుసు.

సరిగ్గా ఆ చదువు చెప్పే విశ్వవిద్యాలయం ఈ దేశంలోనే, కారులో వెళ్ళి రాగల దూరంలో ఉంది. అమ్మాయి మార్కులు బాగున్నాయి. ఎర్లీ డెసిషన్ పెట్టేస్తానంది. నాకూ ఉత్సాహం వచ్చింది. ప్రిన్సిపాల్ మేడమ్‌కు నాకంటే ఎక్కువ వచ్చింది. మామూలు దరఖాస్తులకు జవాబులు ఏప్రిల్‌లో వస్తాయి, ఇది డిసెంబరులోనే వస్తుంది. అంటే పక్క బడి కంటే ముందు మన గేటుకు ఫ్లెక్సీ కట్టవచ్చు.

‘‘అమ్మాయి ఫోటో మంచిది ఒకటి తీయించండి,’’ అన్నారు మేడమ్.

‘‘ముందు సీటు రానివ్వండి మేడమ్.’’

‘‘మీరు మరీ నిరుత్సాహపరుస్తారు మాస్టారూ.’’

అడ్డంకి ఇంట్లో ఉంది. అమ్మాయి తండ్రిది జగిత్యాల వైపు పల్లె. ఇరవయ్యేళ్ళు నిండకముందే కూలికి వచ్చి, మెల్లగా ఎదిగి, జెబెల్ అలీ ఫ్రీ జోన్‌లో ఒక గోడౌనుకు ఫోర్‌మన్ అయ్యాడు. భార్యను తెచ్చుకున్నాడు, ఇంటర్నేషనల్ సిటీలో చిన్న ఫ్లాటు తీసుకున్నాడు, పిల్ల ఇక్కడే పుట్టింది. ఇప్పుడు నడుము సహకరించడం లేదు. వచ్చే వేసవికి ఫైనల్ ఎగ్జిట్ అని నిర్ణయించుకున్నాడు. ఇక్కడి వీసాలు రద్దు చేసుకుని, భార్యాభర్తలు శాశ్వతంగా ఊరికి. ఊళ్ళో కొత్తగా స్లాబు ఇల్లు కూడా కట్టారు.

గల్ఫ్‌లో ఇంతకాలం నేను చూసిన కథల్లో పిల్లలు వెళ్తారు, పెద్దలు ఉంటారు. ఇది తిరగబడిన కథ. పెద్దలు వెళ్తున్నారు, పిల్ల ఉండిపోతానంటోంది. తండ్రి వీసా మీద ఉన్న పిల్ల, ఆయన వెళ్తే తనూ వెళ్ళాలి. సీటు వస్తే విశ్వవిద్యాలయమే వీసా ఇస్తుంది. అంటే ఆ సంతకం ఒక కాలేజీ కోసం మాత్రమే కాదు.

తల్లిదండ్రులిద్దరినీ నా గదికి పిలిచాను. ఒప్పంద పత్రం తెలుగులో అర్థం చెప్పాను. తండ్రి చేతులు కట్టుకుని విన్నాడు.

‘‘సార్, సంతకం పెట్టినంక పిల్ల పోనంటే ఏమైతది?’’

‘‘పోననకూడదన్నా. మాట ఇచ్చినట్టే.’’

‘‘పోకపోతే బ్యాన్ పడుతదా?’’

నేను నవ్వాను. గల్ఫ్‌కు కొత్తవాళ్ళకు ఈ మాట తెలియదు. వెనకటి రోజుల్లో కంపెనీతో కాంట్రాక్టు మధ్యలో వదిలేసి వెళ్ళిన పనివాడు మళ్ళీ కొన్నాళ్ళు ఈ దేశంలో పని చేయకుండా నిషేధం పడేది. ఈయనకు ఒకసారి పడింది. డ్రైవరు పని అని చెప్పి సంతకం పెట్టించుకున్న ఏజెంటు, తీసుకొచ్చి ఉమ్ అల్ క్వైన్‌లో సిమెంటు ఇటుకల పనిలో పెట్టాడు. వదిలేసి ఊరికి పోయాడు. మళ్ళీ రావడానికి చాలాకాలం పట్టింది.

‘‘ఇది లేబర్ కాంట్రాక్టు కాదన్నా. బ్యానూ గీనూ ఉండవు. కాకపోతే, మాట తప్పితే వేరే విశ్వవిద్యాలయాలకు తెలిసిపోవచ్చు. వాళ్ళూ తీసుకోకపోవచ్చు.’’

ఆయన భార్య వైపు చూశాడు. ‘‘గదే గదనే బ్యానంటే.’’

బ్యాన్ అన్న మాట ఎక్కడైనా ఉందేమోనని పత్రం ఇంకోసారి చదువుకున్నాను.

తల్లి ఒళ్ళో బ్యాగు రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. ‘‘సార్, ఆడపిల్లను ఒక్కదాన్ని ఇడిసిపెట్టి మేం పోవాల్నా? జ్వరమొస్తె ఎవరు జూస్తరు?’’

‘‘అమ్మా, అక్కడ క్లినిక్ ఉంటది,’’ అంది అమ్మాయి.

‘‘క్లినిక్ ఉంటది. ఎవరు జూస్తరంటున్న.’’

‘‘పీతల చదువు మన దగ్గర లేదా బిడ్డా? మనకు గోదారి లేదా?’’ అన్నాడు తండ్రి.

‘‘బాపూ, అది మంచినీళ్ళు. నాకు ఉప్పునీళ్ళవి కావాలె.’’

‘‘ఉప్పు నేనే కలుపుత తీయ్.’’

అమ్మాయి నవ్వలేదు. నాకు నవ్వొచ్చింది, ఆపుకున్నాను. చివరికి తండ్రి తేల్చి చెప్పాడు. ‘‘సార్, ఒక్కసారి జాగ చూడక సంతకం పెట్టి ఆగమైన. మావోళ్ళు ఎవలైనా కంపెనీ మారాలంటె ముందుగాల పోయి క్యాంపు, గా పండుకునే జాగ, జూసి వస్తరు. ముదీర్ అంటె మేనేజరు, ఆయన్ను అడగరు, అండ్ల ఉండెటోళ్ళను అడుగుతరు. నేను జూస్త. జూసినంక మాట్లాడుదాం.’’

అలా ఒక శనివారం నా కారులో నలుగురం బయలుదేరాం. నా కారు గురించి ఒక మాట. దాని ఏసీ పని చేస్తే హారన్ పని చేయదు, హారన్ పని చేస్తే ఏసీ పని చేయదు. ఆ రోజు ఏసీ పని చేసింది కాబట్టి, దారి పొడుగునా మర్యాదగా నడిపాను.

విశ్వవిద్యాలయంలో మాకు చుట్టూ చూపించడానికి ఒక విద్యార్థిని వచ్చింది. మధ్య ఆసియాలో ఎక్కడినుంచో వచ్చిన పిల్ల, చాలా మర్యాదస్తురాలు. గ్రంథాలయం చూపించింది, ల్యాబులు చూపించింది. మా అమ్మాయి కళ్ళు నీళ్ళ తొట్టెలకు అతుక్కుపోయాయి. తండ్రి గ్రంథాలయంలో తల ఊపాడు, ల్యాబులో తల ఊపాడు. హాస్టల్ గది తలుపు తీసే వరకూ ఆయన అసలు పని మొదలవలేదు.

ఇద్దరికి ఒక గది. రెండు మంచాలు, రెండు బల్లలు, పెద్ద కిటికీ. తండ్రి లోపలికి వెళ్ళి గదిని ఆ గోడ నుంచి ఈ గోడ దాకా జానలతో కొలిచాడు.

‘‘సార్, ఇద్దరే ఉంటరా?’’

‘‘అవునన్నా, విశాలంగా ఉంది కదా.’’

‘‘గదే తప్పు. పైమంచాలు ఏస్తె ఆరుగురు పడుతరు. ఆ పిల్లకు జెప్పుండ్రి.’’

గైడు పిల్ల నా వైపు ఆశగా చూసింది. నేను ఇంగ్లీషులో, ‘‘గది నిర్మాణం ఈయనకు ఎంతో నచ్చింది,’’ అని చెప్పాను. ఆమె చాలా సంతోషించి, కిటికీ అద్దం ఎంత మందమో చెప్పడం మొదలుపెట్టింది.

‘‘ఏమంటుంది?’’

‘‘పైవాళ్ళకు చెబుతానంటోంది.’’

‘‘చెప్పుమనుండ్రి. నవ్వులాట గాదు సార్. ఆరుగురుంటె ఒక్కరికి జ్వరమొస్తె ఐదుగురు జూస్తరు. ఇద్దరుంటె, ఆ రెండో పిల్ల ఊరికి పోయినప్పుడు?’’

ఆ మాటతో నా అనువాదం కాస్త సిగ్గుపడింది. వయసులో ఉన్నన్నాళ్ళూ బంకు మంచాల మధ్య బతికినవాడికి ఖాళీ గది అంటే సుఖం కాదు, శిక్ష. ఇంత చిన్న విషయం నాకు ఎవరూ ఏ శిక్షణ తరగతిలోనూ చెప్పలేదు.

గైడు పిల్ల వ్యాయామశాల వైపు తీసుకెళ్తుండగా వెనక్కి చూస్తే, భార్యాభర్తలు లేరు. వెతికితే హాస్టల్ వెనక సామాన్ల లిఫ్టు దగ్గర దొరికారు. అక్కడ శుభ్రం చేసే ఒకావిడ, గోదావరి జిల్లాల మనిషి, చేతిలో తుడుపుకర్రతో నిలబడి వీళ్ళకు పూర్తి వివరణ ఇస్తోంది. తెలుగు మనిషిని ఆ చోట ఎలా కనిపెట్టారో నాకు ఇప్పటికీ తెలియదు. నడకను బట్టి గుర్తుపట్టామన్నారు.

‘‘అన్నం ఉంటదా?’’ తల్లి అడుగుతోంది.

‘‘ఉంటదండి. మన అన్నంలా ఉండదు, పలుకుగా ఉంటది. అలవాటైపోద్దండి.’’

‘‘పోరగాండ్లు మంచిగ ఉంటరా?’’

‘‘బాగానే ఉంటారండి. మొదటి నెలంతా ఏడుస్తారు. కొంతమంది బాత్రూములో కుళాయి తిప్పేసుకుని ఏడుస్తారండి, మాకు వినపడదనుకుంటారు.’’

తల్లి ఆవిడకు ఇంకాస్త దగ్గరగా జరిగింది. ‘‘ఆ తర్వాత?’’

‘‘ఆ తర్వాత పరీక్షలొచ్చేస్తాయి కదండీ. ఏడవడానికి ఖాళీ ఎక్కడిది?’’

‘‘జ్వరమొస్తె?’’

‘‘నర్సు ఉంటదండి. మాత్ర ఇస్తారు, అన్నీ చూస్తారు. కాసిన్ని జావ కాసి ఇచ్చేవాళ్ళుండరు, అంతే. నేను చెప్పానని ఎవరితోనూ అనకండి గానీ, ఒకమ్మాయికి మొన్న నేనే మా రూము నుంచి చారు తెచ్చిపెట్టాను.’’

మర్యాద మరిచిపోయి ఆవిడ ఫోన్ నంబరు అడిగేసింది తల్లి. ఆవిడ ఇచ్చేసింది కూడా. మా బడి వెబ్‌సైటులో పెట్టిన హెల్ప్‌లైన్ నంబర్లు ఒక్కటీ ఎవరూ ఎత్తరు. ఈ నంబరు మొదటి రింగుకే ఎత్తుతుందని నాకు అప్పుడే అర్థమైంది.

తిరుగు ప్రయాణంలో కారులో అందరూ తేలికపడ్డారు. తండ్రి ముందు సీట్లో కూర్చుని, ‘‘జాగ మంచిగనే ఉన్నది. గది ఒక్కటే జర పెద్దగున్నది,’’ అన్నాడు. తల్లి ‘చూద్దాం’ అంది. ఆమె నోట ఆ మాట రావడమే పెద్ద సంగతి. గడువుకు ఇంకా కొద్ది రోజులే ఉన్నాయి. సోమవారం మూడు సంతకాలూ అయిపోతాయని, ప్రిన్సిపాల్ మేడమ్‌కు కబురు పంపవచ్చని లోపల లెక్కలు కట్టుకుంటున్నాను.

సంతోషం పట్టలేనప్పుడు నాకు నోరు ఊరుకోదు. అద్దంలో వెనక సీటు వైపు చూసి, సరదాగా అన్నాను. ‘‘ఏమ్మా, రేపు పొద్దున మీ బాపు లేచి ఫైనల్ ఎగ్జిట్ లేదు గీజిట్ లేదు, ఇక్కడే ఉందాం అన్నాడనుకో. అప్పుడు కూడా సంతకం పెడతావా?’’

పెడతాను సార్ అంటుందని, అందరం నవ్వుకుంటామని నా ఊహ. జవాబు రాలేదు. ఒక సైన్‌బోర్డు వెళ్ళింది, ఇంకోటి వెళ్ళింది. ఒక ఫ్లైఓవర్ ఎక్కి దిగాం.

‘‘అప్పుడు ఇంట్లనే ఉంట కద సార్,’’ అంది అమ్మాయి చివరికి. ‘‘ఇక్కడే ఏదో ఒక కాలేజీల చేరుత. హాస్టల్ ఎందుకు?’’



తండ్రి వెనక్కి తిరిగాడు. కోపంగా కాదు. ‘‘మరి ఊరంటె గంత భయమా బిడ్డా?’’

‘‘భయం కాదు బాపూ. నేను అక్కడ ఎప్పుడున్న? ఎండకాలం సెలవులకు వస్త, చుట్టాలు చికెన్ పెడతరు, ఎప్పుడు పోతవ్ అని అడుగుతరు. అక్కడ నేను ఏం చేస్త? ఎవరితోని మాట్లాడుత? నాకు తెలువది.’’

ఆమె ఏడుస్తోందని గొంతును బట్టి తెలిసింది. తల్లి ఆమె చేయి తన ఒళ్ళోకి తీసుకుంది. నేను రోడ్డు వైపే చూస్తూ నడిపాను. పీతల మీద ఆ పిల్లకున్న ప్రేమ నిజం. కానీ ఆ సంతకం వెనక తోస్తున్నది పీతలు కాదని ఆ కారులో నలుగురికీ ఒకేసారి తెలిసింది. నేను ఆ ప్రశ్నను కౌన్సెలింగ్ గదిలో అడిగి ఉండాల్సింది. రోడ్డు మీద, జోకుగా అడిగాను. అడిగింది జోకే అయినా, జవాబు దొరికింది.

‘‘సోమవారం సంతకాలు పెట్టం సార్,’’ అన్నాడు తండ్రి.

‘‘వద్దన్నా,’’ అన్నాను నేను.

ప్రిన్సిపాల్ మేడమ్‌కు ఈ సంగతి చెప్పడం నా ఉద్యోగ జీవితంలో కష్టమైన పనుల్లో ఒకటి. ఆవిడ గదిలో ఏసీ ఎంత చల్లగా ఉండేదంటే, ఫైళ్ళ వెనక రెండు పెంగ్విన్లు కాపురం ఉండేవి. ఆ చలిలో నిలబడి మొత్తం చెప్పాను.

‘‘ఫ్లెక్సీ డిజైన్ కూడా అయిపోయింది మాస్టారూ.’’

‘‘అమ్మాయి మనసు అవలేదు మేడమ్.’’

ఆవిడ కాసేపు కళ్ళజోడు తుడుచుకుంది. తరవాత అడిగింది, ‘‘మీ పద్ధతిలో రెండో విడత అంటూ ఏదీ లేదా?’’

ఉంది. కొన్ని చోట్ల, ఆ విశ్వవిద్యాలయంలో కూడా, జనవరి మొదటి రోజు దాకా ఎర్లీ డెసిషన్‌కు రెండో గడువు ఉంటుంది. ఒప్పందం అదే, సంతకాలు అవే. నేను మొదటి దాన్నే తరుముతూ రెండోదాని సంగతి ఎవరికీ చెప్పలేదు. పెంగ్విన్ల ముందు తల దించుకుని బయటికి వచ్చి, వెంటనే ఆ తండ్రికి ఫోన్ చేశాను.

ఆయన ఆలోచించి ఒక్క మాట అన్నాడు. ‘‘అయితె మంచిగైంది సార్. ఒక క్యాంపు జూసినం. రెండోది జూడలె గద.’’

డిసెంబరు సెలవుల్లో తల్లీకూతుళ్ళు ఊరికి వెళ్ళారు. చుట్టపుచూపుకు కాదు. తండ్రి చెప్పి పంపాడు, పిల్లను మర్యాదగా చూసుకోవద్దని, ఉండేదానిలాగా ఉండనివ్వాలని. తల్లి ఇందులో తన అవకాశం చూసింది. కూతురికి ఊరు నచ్చేలా చేసి తీరాలని కంకణం కట్టుకుంది. ఆవిడ ఆ పని ఎంత బాగా చేసిందో అమ్మాయి వాట్సాప్‌లో నాకు పంపిన వాయిస్ మెసేజీలే సాక్ష్యం. వాటిని నా భార్య కూడా వింది కాబట్టి ఇవి నా కల్పన కాదు.

మొదటిది: ‘‘సార్, ఇక్కడ దోమలున్నయ్. నెట్ రాదు. అమ్మ నన్ను ఐదు గంటలకు లేపుతుంది.’’

కొన్నాళ్ళకు: ‘‘సార్, పక్కింటి అక్క డిగ్రీ చదువుతది. స్కూటీ నేర్పిస్తుంది. గేదెను గుద్దిన. గేదెకేం కాలె.’’

ఆ తరవాత: ‘‘సార్, చేపల చదువు చెప్పే కాలేజీ చూడడానికి పోయినం. నేను ప్రొఫెసర్‌ను అడగలె, హాస్టల్‌ల వంటామెను అడిగిన. ఆమె మంచిగ చెప్పింది. అమ్మాయిలు మంచోళ్ళే.’’

చివరిది గొంతు నిండా నవ్వుతో వచ్చింది. ‘‘సార్, వరి పొలం గట్టుల ఎండ్రికాయలు ఉన్నయ్. ఎండ్రికాయలంటె పీతలే సార్. వాటికి కన్నాలున్నయ్. మొత్తం నడుముదాకా తడిసిన. అమ్మ ఏమనలె.’’

ఆ మెసేజీ విని నేను నా భార్యతో, పిల్ల ఊళ్ళోనే ఉండిపోతుంది, ఇక దరఖాస్తు లేదు అన్నాను. అలాగే ఉంటే ఉండనివ్వండి, మీకేమిటి నష్టం అంది. ఆలోచిస్తే నిజంగానే నాకేమీ నష్టం లేదు. అంత తేలిగ్గా ఆ మాట ఒప్పుకోగలిగినందుకు నాకే ఆశ్చర్యం వేసింది.

గడువుకు ముందు రోజు వాళ్ళ ఫ్లాటుకు రమ్మని పిలిచారు. హాల్లో అప్పుడే ఊరికి పంపే కార్గో అట్టపెట్టెలు వరుసగా పేర్చి ఉన్నాయి. ఒక పెట్టె మీద ల్యాప్‌టాప్ పెట్టారు. ఇంకో పెట్టె మీద సర్వపిండి పళ్ళెం. తల్లి ముఖం వెలిగిపోతోంది. తను గెలిచానన్న ధీమా ఆమె సర్వపిండి ముక్కలు కోస్తున్న తీరులోనే కనబడింది.

‘‘సార్,’’ అంది అమ్మాయి. ‘‘ఆ రోజు కారుల అడిగిన ప్రశ్న మళ్ళీ అడగండి.’’

‘‘ఏ ప్రశ్న?’’

‘‘మీకు తెలుసు సార్.’’

అడిగాను. ఈసారి జోకుగా అడగడం చేతకాలేదు. ‘‘మీ బాపు ఇక్కడే ఉండిపోతానంటే కూడా సంతకం పెడతావా?’’

‘‘పెడత. బాపు ఇక్కడున్నా హాస్టల్‌లనే ఉంట,’’ అంది. ‘‘ఊర్లె ఉండలేననుకున్న సార్, అందుకే ఇక్కడ ఆగిపోవాలనుకున్న. కానీ ఉండగలుగుత. నిజంగ. అక్కతోని కాలేజీకి పోవచ్చు, స్కూటీ వచ్చింది. ఆ భయం పోయింది. భయం పోయినంక కూడా నాకు ఈ ఉప్పునీళ్ళ పీతలే కావాలనిపిస్తుంది.’’

కత్తి పళ్ళెంలో ఆగిపోయింది. తల్లి కూతురిని చూసింది, భర్తను చూసింది, చివరికి నన్ను చూసింది, నేనేదో మంత్రం వేసినట్టు.

‘‘మంచిగ తీస్కపోయి, మంచిగ చూపెట్టి, నేనే చెడగొట్టుకున్న గదనే,’’ అంది. అనేసి, తనే నవ్వింది. నవ్వుతూనే చీర కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

అమ్మాయి తన వంతు పేరు టైపు చేశాక, తండ్రి ల్యాప్‌టాప్‌ను తన ముందు నుంచి నెమ్మదిగా భార్య ముందుకు తోశాడు.

‘‘నువ్వు పెట్టు.’’

‘‘నేనెందుకు? నువ్వుండగా?’’

‘‘నేను పెట్టినవన్ని ఎట్లయినయో జూసినవ్ గద. నీ చేయి మంచిది.’’

ఈ దేశంలో అన్నేళ్ళూ ఆమె భర్త వీసా మీదే బతికింది. ఆమె పేరు మీద కరెంటు బిల్లు కూడా ఎప్పుడూ రాలేదు. ఎక్కడా ఏ కాగితం మీదా ఆమెను ఎవరూ సంతకం అడగలేదు. కూతురు సాయం చేయబోతే చెయ్యి తోసేసింది. ఒక వేలితో, అక్షరం వెతుక్కుని, నొక్కి, తెర మీద చూసి, మళ్ళీ వెతుక్కుని, తన పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా, ఇంగ్లీషులో టైపు చేసింది. మధ్యలో ఒక అక్షరం తప్పుపడితే చెరిపి మళ్ళీ కొట్టింది. మూడో సంతకం నాది. అంత చిన్న సంతకం నేను ఎప్పుడూ పెట్టలేదు.

సీటు వచ్చింది. అది ఫిబ్రవరిలో. సాయం కూడా తగినంతే వచ్చింది. ఫ్లెక్సీ గేటుకు ఎక్కింది, గాలివానకు ఒకసారి ఊడి ఎదురుగా ఉన్న పెట్రోలు బంకు మీద పడింది. ఈ ఒక్కటీ నేను కల్పించినా మీరు క్షమిస్తారని నా నమ్మకం.

కొత్తగా ఆ కుర్చీలో కూర్చునేవాళ్ళకు నేను చెప్పగలిగింది పెద్దగా లేదు. ఎర్లీ డెసిషన్ మంచిదా చెడ్డదా అని అడిగితే నాకు ఇప్పటికీ తెలియదు. పిల్లలు దేని వైపు వెళ్తున్నారో అందరం అడుగుతాం. వాళ్ళ వెనక ఏం తరుముతోందో కూడా ఒకసారి అడగండి. జోకుగా అడిగినా పరవాలేదు. అడిగాక మాత్రం రెండు సైన్‌బోర్డులు దాటేదాకా నోరు మూసుకుని ఆగండి. నాకు అది చాలా కష్టమైన పని. మీకు తేలిక కావచ్చు.

ఆగస్టులో వాళ్ళ ప్రయాణం. విమానాశ్రయానికి నేనే దింపాను. పెట్టెలన్నీ కార్గోలో ముందే వెళ్ళిపోయాయి, చేతుల్లో రెండు సంచులే ఉన్నాయి. జీవితమంతా ఆ తలుపుల దగ్గర వేరేవాళ్ళను సాగనంపిన తండ్రి, ఈసారి తనే లోపలికి వెళ్తూ కాస్త తడబడ్డాడు. కూతురి తల మీద చెయ్యి పెట్టి, నా చెయ్యి పట్టుకుని, సంచులు భుజాన వేసుకుని ముందుకు కదిలాడు.

తల్లి రెండడుగులు వేసి వెనక్కి వచ్చింది. బ్యాగులో వెతికి, రింగుకు వేలాడుతున్న రెండు కొత్త తాళంచెవుల్లోంచి ఒకటి గోటితో తీయబోయింది. రాలేదు. పంటితో రింగు విప్పి తీసింది. కూతురి అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసింది.

‘‘ఊర్ల ఇంటిది,’’ అంది. ‘‘ఎప్పుడొస్తున్నవో ఫోన్ జెయ్యకు. నేను పొలం కాడ ఉన్నా, నిద్రల ఉన్నా, ఆగకు. తాళం తీసుకొని లోపటికి రా.’’